జూడ్ బెల్లింగ్‌హామ్: నాలుగా, ఎనిమిదా, పదా?

ఒంటిగంట మ్యాచ్:
ఆదివారం (2025 అక్టోబర్ 26) ఎల్ క్లాసికో, అంటే రియల్ మాడ్రిడ్-బార్సిలోనా మ్యాచ్, చూసినప్పటి నుంచీ బుర్రలో తిరుగుతున్న ప్రశ్న, ఇక్కడ పెడుతున్నా.

22వ నిమిషంలో ఎంబాపే గోల్‌కి బంతి అందించింది రియల్ మిడ్‌ఫీల్డర్ జూడ్. బార్సిలోనా సమం చేశాక, 43వ నిమిషంలో గోల్ ముందు నిలబడి రెండోది కొట్టిందీ జూడే. 2-1తో రియల్ గెలిచింది. దానికి నాలుగు రోజుల ముందు యువెంటస్ మీద 1-0 గెలుపులో ఆ ఒక్క గోలూ ఇతనిదే. వినీసియస్ కొట్టిన బంతి పోస్ట్‌కి తగిలి వెనక్కి వస్తే, అందరికంటే ముందు అక్కడున్నాడు. జూలైలో ఎడమ భుజానికి ఆపరేషన్ అయిన కుర్రాడు. సెప్టెంబర్ 20న ఎస్పాన్యోల్ మీద చివర్లో కాసేపు దిగాడు. అక్టోబర్ మొదట్లో ఇంగ్లండ్ జట్టుకి కోచ్ టుఖెల్ పిలవనే లేదు. ఆ నెల తిరక్కుండానే ఇది.

ప్రశ్న ఏమిటంటే, ఇతను అసలు ఏ ఆటగాడు? డిఫెన్స్ ముందు కాపలా కాసే 4 నంబరా? మైదానం ఈ చివర నుంచి ఆ చివర దాకా తిరిగే 8 నంబరా? స్ట్రైకర్ వెనకాల ఆడే 10 నంబరా? బర్మింగ్‌హామ్ అకాడమీలో కోచ్ "ఈ మూడూ నువ్వు ఆడగలవు" అన్నాడని, మూడూ కూడితే 22 కాబట్టి ఆ నంబర్ చొక్కా తీసుకున్నాడని ఇక్కడ చాలామందికి తెలుసు. చిన్నప్పుడు తనకు మాత్రం 10 మీదే మోజు. ఇప్పుడతని వయసే 22. ఆ లెక్క తేలిందంటారా?

లాల్‌దర్వాజా లెఫ్ట్‌బ్యాక్:
8. ఇందులో సందేహం ఎందుకన్నా? జర్మనీ క్లబ్ డోర్ట్‌మండ్‌లో చివరి సీజన్ చూడండి. సొంత పెనాల్టీ బాక్స్ దగ్గర ట్యాకిల్ చేసి బంతి లాక్కునేది ఇతనే, పది సెకన్ల తర్వాత అవతలి బాక్స్‌లో ఉండేదీ ఇతనే. 2022-23లో 42 మ్యాచ్‌లు, 14 గోల్స్, ఆ ఏడాది బుండెస్‌లిగా ఉత్తమ ఆటగాడి అవార్డు. మాడ్రిడ్‌లో మొదటి ఏడాది గోల్స్ చూసి అందరూ 10 అనేశారు.

తెల్ల చొక్కా:
అనరా మరి? స్పెయిన్ లీగ్ లా లిగాలో 28 మ్యాచ్‌లకి 19 గోల్స్! మిడ్‌ఫీల్డర్ తమ్ముడూ, మిడ్‌ఫీల్డర్.

బ్రమ్‌లో బెజవాడ:
మాడ్రిడ్ లెక్కలు తర్వాత మాట్లాడుకుందాం. నేను బర్మింగ్‌హామ్ వచ్చి పదకొండేళ్లయింది. నా కళ్లతో చూసింది ఒకటి చెప్తాను.

2019 ఆగస్టు 31, బర్మింగ్‌హామ్ సిటీ సొంత మైదానం సెయింట్ ఆండ్రూస్, స్టోక్ సిటీతో మ్యాచ్. అప్పటికి మూడు వారాల ముందే పోర్ట్స్‌మత్ మీద లీగ్ కప్‌లో ఆడేశాడు. 16 ఏళ్ల 38 రోజులు. క్లబ్ చరిత్రలో అంత చిన్నవాడు లేడు. 1970 నుంచి ట్రెవర్ ఫ్రాన్సిస్ పేరు మీదున్న రికార్డు అది. కానీ ఆ మ్యాచ్ 3-0తో ఓడాం, పైగా అది బయటి ఊళ్లో. మా జనం అతన్ని సొంత మైదానంలో చూసింది స్టోక్ మ్యాచ్‌లోనే. మొదటి సగంలోనే ఒక వింగర్‌కి దెబ్బ తగిలింది. పక్కన లేచి నిలబడ్డ కుర్రాడి ట్రాక్‌సూట్ కింద చొక్కా మీద 22.

నా పక్క సీట్లో డెబ్బై దగ్గరపడ్డ పెద్దాయన. కుర్రాడిగా ఉన్నప్పుడు ట్రెవర్ ఫ్రాన్సిస్ ఆటను ఇదే మైదానంలో చూసిన మనిషి. ఏమీ మాట్లాడలేదు. ఫ్లాస్క్ మూత బిగించి, బ్యాగులో పెట్టి, జిప్ వేసి, ముందుకి వంగి కూర్చున్నాడు. ఇక ఆట అయిపోయేదాకా ఆ బ్యాగు ముట్టుకోలేదు. 76వ నిమిషంలో జూడ్ కొట్టిన బంతి డిఫెండర్‌కి తగిలి దారి మళ్లి లోపలికి పోయింది. 2-1. అదే గెలుపు గోల్. క్లబ్‌కి గోల్ చేసినవాళ్లలో కూడా ఇంత చిన్నవాడు లేడు.

పెద్దాయన అప్పుడన్న మాట: "అడుగు చూడు, అడుగు." నాకు వెంటనే అర్థం కాలేదు. తర్వాత చూస్తే తెలిసింది. బంతి వచ్చే ముందే భుజం మీంచి వెనక్కి చూసుకుంటాడు, బంతి వచ్చేసరికి ఒంటి బరువు అప్పటికే వెళ్లాల్సిన వైపు ఉంటుంది. పదహారేళ్లకి అది ఎవరు నేర్పుతారు? 4, 8, 10 అని మీరు వాదించుకుంటున్నదంతా ఆ అడుగు తర్వాతి సంగతి.

ఒంటిగంట మ్యాచ్:
బెజవాడ గారూ, ఈ ఒక్క పోస్ట్ కోసం థ్రెడ్ మొదలుపెట్టినా సరిపోయేది. ఆ సీజన్ మొత్తం ఎలా గడిచింది?

బ్రమ్‌లో బెజవాడ:
కష్టంగా. ఆర్థిక నిబంధనలు దాటినందుకు అంతకుముందు మార్చిలోనే క్లబ్‌కి 9 పాయింట్లు కోసేశారు. డబ్బు లేదు, జట్టు ప్రతి ఏడాదీ కింది డివిజన్‌కి జారే అంచున. అలాంటి చోట పదహారేళ్లవాడు 44 మ్యాచ్‌లు ఆడాడు, 4 గోల్స్. ఎక్కువ భాగం వింగ్ మీదే ఆడించారు, అతని ఇష్టమైన చోటు కాదు. నోరెత్తకుండా వెనక్కి పరిగెత్తి ఫుల్‌బ్యాక్‌కి సాయం చేసేవాడు.

ఆఖరి మ్యాచ్ 2020 జూలై 22, డెర్బీ కౌంటీతో. కోవిడ్. మైదానంలో జనం లేరు. 3-1తో ఓడినా డివిజన్‌లో నిలిచాం. వెళ్లిపోతున్నాడని అందరికీ తెలుసు, చప్పట్లు కొట్టడానికి ఒక్కరికీ వీల్లేదు. నేను ఇంట్లో లాప్‌టాప్ ముందు కూర్చుని చూశాను. మర్నాడు క్లబ్ 22 నంబర్ చొక్కాను ఇక ఎవరికీ ఇవ్వబోమని ప్రకటించింది. పదిహేడేళ్లవాడికి అంత గౌరవమా అని దేశమంతా నవ్వింది. మాకు నవ్వు రాలేదు. సుమారు రెండున్నర కోట్ల పౌండ్లు వచ్చాయి అతని వల్ల. అంతకంటే, ఎనిమిదేళ్లు నిండకముందు మా అకాడమీలో చేరినవాడు అతను.

పసుపు గోడ:
ఇక్కడి నుంచి నేను అందుకుంటా.

ఆ ఏడాది మాంచెస్టర్ యునైటెడ్ కూడా గట్టిగా అడిగింది. తమ క్యారింగ్టన్ శిక్షణ మైదానం తిప్పి చూపించారు, వాళ్ల పాత కోచ్ సర్ అలెక్స్ ఫెర్గూసన్ స్వయంగా కూర్చుని మాట్లాడాడు. ఇంగ్లండ్‌లో పుట్టిన పదహారేళ్లవాడికి అంతకంటే ఏం కావాలి? అయినా కాదని డోర్ట్‌మండ్ వచ్చాడు. నా దృష్టిలో ఈ కెరీర్ మొత్తంలో పెద్ద నిర్ణయం ఇదే, మాడ్రిడ్ కాదు. జేడన్ సాంచో పదిహేడేళ్లకి మాంచెస్టర్ సిటీ వదిలి వచ్చి ఏమయ్యాడో అప్పటికే అందరూ చూశారు. స్ట్రైకర్ ఎర్లింగ్ హాలండ్ అక్కడున్నాడు. డోర్ట్‌మండ్‌లో కుర్రాళ్లను బెంచ్ మీద ఊరబెట్టరు, ఆడిస్తారు. మొదటి సీజన్‌లోనే 46 మ్యాచ్‌లు!

వాళ్లమ్మ డెనిస్ అతనితో పాటు జర్మనీ వచ్చేసింది. నాన్న మార్క్, జూడ్ తమ్ముడు జోబ్‌ని చూసుకుంటూ ఇంగ్లండ్‌లో ఉండిపోయాడు. ఇంటిని రెండుగా చేసుకున్నారు పిల్లల ఆట కోసం. దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

కప్ మ్యాచ్‌లో డూయిస్‌బర్గ్ మీద దిగిన మొదటి రోజే గోల్ కొట్టాడు. 2021 ఏప్రిల్ 14న ఛాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్‌లో మాంచెస్టర్ సిటీ మీద 15వ నిమిషంలో కొట్టిన గోల్ నాకింకా కళ్ల ముందే ఉంది. బాక్స్ అంచున బంతి, ఒక్క టచ్‌లో సర్దుకుని, పై మూలకి. మ్యాచ్ ఓడిపోయాం. కానీ చూడండి, ఖాళీ సెయింట్ ఆండ్రూస్ నుంచి వచ్చినవాడు ఖాళీ డోర్ట్‌మండ్ మైదానంలో ఆ గోల్ కొట్టాడు. పాతిక వేల మంది నిలబడి అరిచే మా దక్షిణపు గ్యాలరీ, ఆ 'పసుపు గోడ', ఆ రోజు బోసిగా ఉంది.

వైజాగ్ వింగర్:
సిటీతో మొదటి మ్యాచ్‌లో ఇవ్వకుండా కొట్టేసిన గోల్ కూడా ఉంది కదా బ్రో. గోల్‌కీపర్ ఎడర్సన్ కాలు దగ్గర నుంచి బంతి తీసుకుని కొడితే ఫౌల్ అన్నారు.

పసుపు గోడ:
ఉంది. ఆ గోల్ ఇచ్చి ఉంటే ఆ సిరీస్ వేరేగా ఉండేదని ఇప్పటికీ నమ్ముతాను. పోనీండి.

అసలు నొప్పి 2023 మే 27. మైంజ్ మీద గెలిస్తే చాలు, పదకొండేళ్ల తర్వాత లీగ్ మాది. జూడ్ మోకాలికి దెబ్బ, బెంచ్ మీద కూర్చున్నాడు, దిగే స్థితిలో లేడు. 2-2. అవతల కొలోన్‌లో 89వ నిమిషంలో ముసియాలా గోల్ కొట్టి బయర్న్‌కి లీగ్ ఇచ్చేశాడు. ఇద్దరికీ 71 పాయింట్లే, గోల్ తేడాతో పోయింది. ఆ ముసియాలా ఎవరనుకున్నారు? ఇంగ్లండ్ కుర్రాళ్ల జట్టులో జూడ్‌తో కలిసి ఆడినవాడు, స్నేహితుడు. మ్యాచ్ అయ్యాక బెంచ్ దగ్గర జూడ్ ముఖం చూశాను. మూడేళ్లలో 132 మ్యాచ్‌లు ఆడి 24 గోల్స్ చేసినవాడు, ఆఖరి రోజు ఏమీ చేయలేక కూర్చుండిపోయాడు.

తెల్ల చొక్కా:
అక్కడి నుంచి మా మాడ్రిడ్‌కి. 10.3 కోట్ల యూరోలు. మా దగ్గర 22 రూడిగర్‌ది కాబట్టి 5 తీసుకున్నాడు, జిదాన్ నంబర్.

మొదటి సీజన్ గురించి లెఫ్ట్‌బ్యాక్ తమ్ముడికి చెప్పాలి. బెంజెమా వెళ్లిపోయాడు, సరైన స్ట్రైకర్ లేడు. అప్పటి కోచ్ అంచెలోట్టి ఏం చేశాడు? వినీసియస్, రోడ్రిగోలను రెండు పక్కలకీ నెట్టి, మధ్యలో ఖాళీ వదిలాడు. ఆ ఖాళీలోకి వెనక నుంచి జూడ్ పరిగెత్తుకొచ్చేవాడు. డిఫెండర్లు ఎవరిని పట్టుకోవాలో తెలియక కొట్టుకున్నారు. 2023 అక్టోబర్ 28, బార్సిలోనాలోని మోంట్‌జుయిక్ మైదానం, అతని మొదటి లీగ్ క్లాసికో. గుండోగన్ గోల్‌తో వెనకబడి ఉన్నాం. 68వ నిమిషంలో దూరం నుంచి కొట్టాడు చూడండి, టెర్ స్టెగెన్ చెయ్యి చాచేలోపే వల కదిలింది. 92వ నిమిషంలో కార్వహాల్ క్రాస్, మోడ్రిచ్ కాలికి తగిలి జారింది, జూడ్ అక్కడున్నాడు. మళ్లీ 2024 ఏప్రిల్ 21, మా బెర్నబ్యూ మైదానంలో 3-2, మళ్లీ ఇంజురీ టైమ్‌లోనే! మా ఇంట్లో మా నాన్నగారు నిద్రలేచి తిట్టారు, మర్నాడు పొద్దున హైలైట్స్ చూపిస్తే ఆయనే రెండుసార్లు పెట్టించుకున్నారు.

జూన్ 1న వెంబ్లీలో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్. ఎదురుగా పసుపు గోడ గారి జట్టే. మా రెండో గోల్ వినీసియస్‌ది, దానికి పాస్ జూడ్‌ది. ఆ ఏడాది ప్రపంచ ఉత్తమ ఆటగాడికిచ్చే బలోన్ డి ఓర్‌లో మూడో స్థానం.

లాల్‌దర్వాజా లెఫ్ట్‌బ్యాక్:
అన్నా, నేను చెప్పేదీ అదే! ఆ ఖాళీ ఉంది కాబట్టి గోల్స్ వచ్చాయి. 2024లో ఎంబాపే వచ్చి ఆ ఖాళీలో నిలబడ్డాడు, టోనీ క్రూస్ రిటైరయ్యాడు. వెనక పని చేసేవాడు కావాలి, జూడ్ వెనక్కి దిగాడు. ఆ సీజన్ మొదటి గోల్ నవంబర్‌లో గానీ రాలేదు. లీగ్‌లో 9 దగ్గర ఆగాడు. అందరూ ఫామ్ పోయిందన్నారు. ఫామ్ పోలేదు, పని మారింది. ఆ ఏడాది అతను ఆపిన దాడులు ఎవరు లెక్కపెట్టారు?

కొత్త ప్రేక్షకురాలు:
నమస్తే అందరికీ. నేను ఫుట్‌బాల్ చూడటం మొదలుపెట్టి ఏడాదే. ఒక సందేహం. 10 అంటే గోల్స్ చేసేవాడు, 4 అంటే ఆపేవాడు అని అర్థమైంది. ఒకే మనిషి రెండూ చేస్తే మంచిదేగా? తేల్చడం ఎందుకు?

వైజాగ్ వింగర్:
మంచి ప్రశ్న అక్కా. జవాబు ఒంట్లో ఉంది. అందరూ నంబర్లు లెక్కపెడుతున్నారు, నేను మ్యాచ్‌లు లెక్కపెట్టాను. బర్మింగ్‌హామ్‌లో 44, డోర్ట్‌మండ్‌లో 132, మాడ్రిడ్ మొదటి సీజన్‌లో 42. 21వ పుట్టినరోజు నాటికి క్లబ్ మ్యాచ్‌లే 218. ఇంగ్లండ్‌కి ఆడినవి వేరు. అందులో ప్రతి మ్యాచ్‌లోనూ మూడు రకాల పరుగు.

2023 నవంబర్ మొదట్లో రాయో వల్లెకానో మ్యాచ్‌లో ఎడమ భుజం జారింది. అప్పుడే ఆపరేషన్ చేయించుకుంటే నెలలు పోతాయి. పట్టీ కట్టుకుని ఆడాడు. ఇరవై నెలలు! తర్వాతి మ్యాచ్‌లు మళ్లీ చూడండి, చొక్కా కింద ఎడమ భుజం దగ్గర ఆ పట్టీ ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. హెడర్‌కి ఎగిరేటప్పుడు చేతులు రెండూ ఒకేలా లేవవు, ఎడమది ఒంటికి దగ్గరగా ఉంటుంది. కింద పడేటప్పుడు కుడివైపుకి తిరిగి పడటం అలవాటు చేసుకున్నాడు. ఈ జూలైలో క్లబ్ వరల్డ్ కప్ అయ్యాక గానీ కత్తి పడలేదు.

బార్సిలోనా మిడ్‌ఫీల్డర్ పెడ్రీ 2020-21లో క్లబ్‌కీ దేశానికీ కలిపి 73 మ్యాచ్‌లు ఆడాడు, తర్వాత రెండు మూడేళ్లు తొడ కండరాలతో ఎంత అవస్థ పడ్డాడో చూశాం. అందుకే తేల్చాలి అంటున్నా. మూడు పనులూ చేయగలిగినవాడితో మూడు పనులూ రోజూ చేయిస్తే ముప్పై దాకా ఏం మిగులుతుంది?

కొత్త ప్రేక్షకురాలు:
ఇది నాకు తట్టలేదు. ధన్యవాదాలు.

మూడు సింహాలు:
ఇంగ్లండ్ సంగతి నేను చెప్తా. 2024 జూన్ 30, గెల్సెన్‌కిర్చెన్, యూరో కప్‌లో స్లొవేకియా మ్యాచ్. ముందురోజే 21వ పుట్టినరోజు. ఇంజురీ టైమ్ ఐదో నిమిషం నడుస్తోంది, 1-0 వెనకబడి ఉన్నాం. వాకర్ పొడవాటి త్రో వేశాడు, గ్వేహి తలతో వెనక్కి తోశాడు, జూడ్ గాల్లో తలకిందులై కొట్టాడు. ఇంకొక్క నిమిషం గడిస్తే అప్పటి కోచ్ సౌత్‌గేట్ ఉద్యోగం ఆ రాత్రే పోయేది. ఎక్స్‌ట్రా టైమ్‌లో కేన్ కొట్టి గెలిపించాడు. అక్కడి నుంచి ఫైనల్ దాకా వెళ్లాం. ఫైనల్‌లో పామర్ గోల్‌కి బంతి పెట్టింది కూడా జూడే. స్పెయిన్ 2-1.

అలాంటివాణ్ణి అక్టోబర్‌లో పిలవకపోవడం నాకు నచ్చలేదు. కానీ టుఖెల్ మాటలో న్యాయం ఉంది: ఆడుతున్న జట్టు బాగా ఆడుతోంది, లాత్వియా మీద 5-0తో వరల్డ్ కప్‌కి అర్హత కూడా వచ్చేసింది. ఆ 10 స్థానంలో మోర్గన్ రోజర్స్ అదరగొడుతున్నాడు. రోజర్స్‌ది హేల్సోవెన్, జూడ్‌ది స్టౌర్‌బ్రిడ్జ్. పక్కపక్క ఊళ్లు. చిన్నప్పటి స్నేహితులు. ఇంగ్లండ్‌లో ఒక చొక్కా కోసం అవే రెండు ఊళ్లు పోటీ.

కోపం మాట కూడా చెప్పాలి, మనవాడని దాచకూడదు. 2021 డిసెంబర్‌లో రెఫరీ గురించి టీవీలో అన్న మాటకి 40 వేల యూరోల జరిమానా. ఈ ఫిబ్రవరిలో ఒసాసునా మీద రెఫరీతో మాట పట్టింపుకి రెడ్ కార్డ్, రెండు మ్యాచ్‌ల నిషేధం. చేతులు విసరడం, సహచరుల మీద విసుక్కోవడం తగ్గించుకోవాలి. వయసు చిన్నదే, కానీ చూసే పిల్లలు ఇంకా చిన్నవాళ్లు.

బ్రమ్‌లో బెజవాడ:
ఆ కోపం లేకపోతే స్లొవేకియా గోల్ ఉండేదా సింహాలు గారూ? ఆ మ్యాచ్‌లో తొంభై నిమిషాలూ అతను ఏమంత బాగా ఆడలేదు. ఒప్పుకోనితనమే ఆ గోల్ కొట్టింది.

వాళ్ల నాన్న మార్క్ ఈ చుట్టుపక్కల చిన్న లీగుల్లో స్ట్రైకర్. హేల్సోవెన్, స్టౌర్‌బ్రిడ్జ్, ఇలా తిరుగుతూ 700కి పైగా గోల్స్. ఉద్యోగం పోలీస్ సార్జెంట్. డ్యూటీ దిగి, బూట్లు మార్చుకుని, బురదలో మ్యాచ్. చిన్నప్పుడు జూడ్ ఆట నేర్చుకుంది ఆ మైదానాల గట్టు మీద.

లాల్‌దర్వాజా లెఫ్ట్‌బ్యాక్:
పోలీసు, ఫుట్‌బాల్ అనగానే మా పాతబస్తీవాళ్లకి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు గుర్తొస్తుంది. కోచ్ రహీం సాబ్ చేతి కింద 1950 నుంచి 54 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్‌లు. మా తాతగారు ఆ కథలు చెప్తుంటే మేం చుట్టూ కూర్చునేవాళ్లం. జీతం ఒక పని నుంచి, ప్రాణం ఇంకో పనిలో. ఆ ఇంట్లో పెరిగిన పిల్లాడికి పరుగు అంటే లెక్క ఉండదు. థ్రెడ్ దారి తప్పిస్తే క్షమించండి.

పసుపు గోడ:
తప్పలేదు. జోబ్ గురించి కూడా ఒక మాట. సండర్లాండ్‌ని ప్రీమియర్ లీగ్‌కి ఎక్కించి, ఈ జూన్‌లో మా డోర్ట్‌మండ్‌కే వచ్చాడు. చొక్కా వెనక ఇంటిపేరు వేసుకోడు, 'జోబ్' అని ఉంటుంది. క్లబ్ వరల్డ్ కప్ క్వార్టర్ ఫైనల్‌లో అన్నదమ్ములు ఎదురుపడాల్సింది. అంతకుముందు మ్యాచ్‌లో టోర్నీలో రెండో ఎల్లో కార్డ్ పడి జోబ్ ఆడలేకపోయాడు. ఇంట్లో అందరూ ఆ రోజు కోసం ఎంత ఎదురుచూసి ఉంటారో!

ఒంటిగంట మ్యాచ్:
అందరి పోస్టులూ రెండుసార్లు చదివాను. నిన్న రాత్రి ఆదివారం మ్యాచ్ రీప్లే పెట్టి, తెల్లకాగితం మీద మైదానం గీసుకుని, జూడ్ బంతి ముట్టుకున్న ప్రతిచోటా చుక్క పెట్టాను. మొదటి సగం వరకే చేయగలిగాను. చుక్కలు ఒకచోట గుంపుగా పడతాయనుకున్నా. సెంటర్ సర్కిల్ పక్కన కొన్ని, ఎడమ లైన్ దగ్గర కొన్ని, మా సొంత బాక్స్ ముందు కొన్ని, రెండే రెండు బార్సా బాక్స్‌లో. ఆ రెండిట్లో ఒకటి గోల్.

నా జవాబు మారింది. నంబర్ తేల్చక్కర్లేదు, కానీ వింగర్ అన్నట్టు మ్యాచ్‌లు తేల్చాలి. వారానికి రెండుసార్లు తొంభై నిమిషాలు వద్దు. లీడ్ దొరగ్గానే అరవై నిమిషాలకి బయటికి తీయండి. అక్టోబర్‌లో టుఖెల్ పిలవకపోవడం కూడా ఆ భుజానికి మంచే చేసిందేమో అనిపిస్తోంది ఇప్పుడు.

తెల్ల చొక్కా:
ఈ ఏడాది రియల్ కోచ్‌గా వచ్చిన క్సాబీ అలోన్సో కూడా ఒకప్పుడు మిడ్‌ఫీల్డరే కాబట్టి ఆ సంగతి అర్థం చేసుకుంటాడని నా నమ్మకం. అయినా పెద్ద మ్యాచ్‌లో అరవైకి తీస్తే జూడ్ ముఖం చూడాలి మీరు!

మూడు సింహాలు:
వచ్చే వేసవి వరల్డ్ కప్‌కి 10 చొక్కా అతనిదే. రాసి పెట్టుకోండి.

లాల్‌దర్వాజా లెఫ్ట్‌బ్యాక్:
చొక్కా 10 ఇవ్వండి, ఆట 8 ఆడతాడు.

ఒంటిగంట మ్యాచ్:
నవంబర్ 4, ఆన్‌ఫీల్డ్‌లో లివర్‌పూల్ మీద. మనకి రాత్రి ఒంటిగంటన్నర. ఈసారి రెండు సగాలకీ కాగితాలు సిద్ధం. ఇంకెవరైనా చుక్కలు పెడతారా? పోల్చుకుందాం.

కొత్త ప్రేక్షకురాలు:
నేను పెడతాను. రెండో సగం నాకివ్వండి.

బ్రమ్‌లో బెజవాడ:
ఆన్‌ఫీల్డ్ టికెట్ కోసం ప్రయత్నించాను, దొరకలేదు. ఆ రోజు ఆఫీసయ్యాక రైలెక్కి స్టౌర్‌బ్రిడ్జ్ వెళ్తున్నా. అక్కడ ఏదైనా పబ్‌లో, వాళ్ల ఊరివాళ్ల మధ్య కూర్చుని చూస్తాను. వీలైతే మా పెద్దాయన్ని కూడా తీసుకెళ్తా. ఫోన్ చేసి అడిగితే, ఫ్లాస్క్ తెచ్చుకోవచ్చా అన్నాడు.